గాజు మబ్బుకు మా ఆయన పేరు

మూడు వారాలుగా మా ఆయన అంతరిక్షం గేమ్‌లో గాజు మబ్బు కోసం వెతుకుతున్నాడు. చుక్కల మధ్య కనీకనపడకుండా ఉంటుందట. ముందు కనిపెట్టినవాళ్ళు దానికి తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చట.

ఈ సాయంత్రం పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పని ముగించుకొచ్చి, ఆయనకు టీ ఇస్తూ స్క్రీన్ చూశాను. పప్పు మీద పొట్టు మచ్చ సూటిగా చూస్తే దొరకదు, ఓరగా చూడాలి. అలవాటుగా అలాగే చూశాను.

"మావా, ఆ మూల మసగ్గా ఏటో ఉంది సూడు."

"నీకేటి తెలుత్తాది, అడ్డు నెగు" అని నన్ను పక్కకు జరిపాడు గానీ గేమ్‌లో తన ఓడను అటే తిప్పాడు. అదే గాజు మబ్బు. వెంటనే దానికి తన పేరు పెట్టేసి, "నా మూడు వారాల కష్టం" అని స్నేహితుల గ్రూపులో ఫొటో పెట్టాడు.

"మరి నా పేరెట్టనేదేటి?" అన్నాను.

"ఆడింది నాను గదా" అన్నాడు. పైగా టీ చల్లారిందని గ్లాసు నా చేతికే ఇచ్చాడు.

చీదరేసింది. ఫ్యాక్టరీలో ఏరేది మేము, డబ్బా మీద పేరు షావుకారుది. ఆకాశంలోనూ అదే పద్ధతని ఇవాళే తెలిసింది. మీ ఇంట్లో ఎవరైనా మీరు కనిపెట్టినదానికి మీ పేరే పెట్టి ఉంటే చెప్పండి, ఒకసారి వచ్చి ఆ మనిషిని చూసి పోతాను. ఓరగా కాదు, సూటిగానే.