మా పేట మంత్రసాని

మా తొలిబిడ్డ పుట్టిన వారానికే పోయాడు. దవడలు బిగిసిపోయి, పాలు పట్టలేక, ఒళ్లంతా కొయ్యబారి పోయాడు. బాలగ్రహం అన్నారందరూ. మా ఆయన పాలకొల్లు దగ్గర మిషను బడిలో పంతులు. ఆయన ప్రార్థన చేశారు. మా అత్తగారు ఆయనకు తెలియకుండా తాయెత్తు కట్టించారు. ఏదీ అక్కరకు రాలేదు.

మళ్లీ నాకు నెలలు నిండుతుండగా మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మగారు కాలువ పడవలో మా ఊరు వచ్చారు. మా అరుగు మీద కూర్చుని నాకు తొలి పురుడు పోసిన మంత్రసానిని కూడా పిలిపించారు. అది గ్రహం కాదు, బొడ్డు కోసే కత్తికి అంటిన మట్టిలోంచి వచ్చే జబ్బని వాళ్ల దేశపు వైద్యులు పరీక్షలు చేసి తేల్చారట. కత్తిని నీళ్లలో బాగా మరగనిచ్చి, కోసినచోట పేడ రాయకుండా ఉడకబెట్టి ఆరేసిన గుడ్డ కడితే బిడ్డ దక్కుతుందన్నారు.

మంత్రసాని డాక్టరమ్మగారి ముందుకు జరిగింది. "అయితే మన పేటలో దవడలు బిగిసి పోయిన పిల్లలందరూ నా చేతివల్లే పోయారాండి?" అంది.

డాక్టరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నీకు తెలియదు. మాకూ తెలియదు. ఈమధ్యనే తెలిసింది" అన్నారు వచ్చీరాని తెలుగులో.

ఆనాటి నుంచి ఆమె పురుళ్లకు వెళ్లడం మానేసింది. నాకు నొప్పులు మొదలైన పొద్దున కబురంపితే రానందట. చివరికి మా అత్తగారే వెళ్లి వెంటబెట్టుకొచ్చారు. వస్తూనే పొయ్యి రాజేసి కత్తిని మరగబెట్టింది. తీరా ఆడపిల్ల పుట్టాక, కత్తిని మా అత్తగారి ముందుకు చాచింది.

"నావల్ల కాదమ్మగారూ. పెద్దమ్మగారిని కొయ్యమనండి."

"మా పెద్దాణ్ణి మొదట ఎత్తుకుందీ నువ్వే, వాడు పోతే నాతోపాటు ఏడ్చిందీ నువ్వే. నువ్వే కొయ్యాలి" అన్నాను.

కళ్లు తుడుచుకుని కోసింది.

ఆ మొదటివారం గండం దాటేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆమె రోజూ వచ్చేది. నేను పాలిస్తుంటే గడపలో కూర్చుని, పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు విని వెళ్లిపోయేది. వారం దాటాక ఒక ఉదయం పిల్లను ఒళ్లోకి తీసుకుని, "గట్టిపిండమేనండి" అని మొదటిసారి నవ్వింది.

తర్వాత మళ్లీ పిలుపులు అందుకుంది. ఎవరింటికెళ్లినా, "ముందు పొయ్యిమీద నీళ్లెట్టండి, తర్వాతే లోపలికొస్తాను" అనేది. ఇదేం కొత్త ఆచారమని కొందరు విసుక్కున్నా, నీళ్లు మరిగేదాకా వాకిట్లోనే నిలబడేది. జ్వరాలకీ వాంతులకీ ఆ తర్వాత కూడా మా పేటలో పసివాళ్లు పోయారు. ఆ దవడలు బిగిసే జబ్బు మాత్రం ఆమె పురుడు పోసిన ఏ ఇంట్లోనూ వచ్చిందని నేను మళ్లీ వినలేదు.