చెయ్యెత్తని గౌను

మా బావ దర్జీ. బట్ట కోయడంలో మొనగాడే, కాదనను. కానీ ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. షాపులో పెద్ద కత్తెరని గోడకి ఎత్తుగా ఒక మేకుకి తగిలించేవాడు. మా అక్క ఇరవై రెండేళ్లుగా దాని కింద కూర్చుని కాజాలు తీస్తూ, హుక్కులు కుడుతూ ఉండేది. ఎత్తులో బావకన్నా రెండు వేళ్లు ఎక్కువే అయినా, ఎందుకో అక్కకి ఆ మేకు అందేది కాదు. కోత నేర్చుకోవాలని తనకి ప్రాణం. ఏడాదికోసారైనా అడిగేది.

"కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే గుడ్డ పోయినట్టే. అది మగాడి పని," అనేవాడు బావ.

నాకు ఒళ్లు మండేది. "మరి కోత తప్పి బల్ల కింద దాచిన ముక్కలన్నీ ఏ ఆడది కోసింది బావా?" అంటే, వినపడనట్టు మిషను తొక్కేవాడు.

నేను బడిలో టీచర్ని. ఏటా పిల్లల చేత రాజకుమారుడొచ్చి నిద్రపోయే రాజకుమారిని లేపే అదే నాటకం వేయించి విసుగెత్తి, ఈసారి కథ తిప్పేశాను. మేడ మీద నిద్రపోయేది రాజకుమారుడు. రాక్షసుడి తల నరికి అతన్ని లేపేది రాజకుమారి. ఏటా వేషాలు కుట్టిచ్చే బావ కథంతా విని, "రాసుకోవడం నీ ఇష్టం, కొలతలు నా ఇష్టం," అన్నాడు. ఎప్పటి కాగితం నమూనా పెట్టే గౌను కోసేశాడు.

హుక్కులు కుడుతూ అక్క అంది, "ఏవండీ, చంకల్లో మరీ బిగుతుగా ఉందేమో. పిల్ల కత్తి ఎత్తాలి కదా."

"రాజకుమారి గౌను ఇలాగే ఉంటుంది. నీ హుక్కులు నువ్వు చూసుకో."

నాటకానికి అరగంట ముందు వేషాల గదిలో బావా, అక్కా చూస్తుండగా పిల్ల గౌను తొడుక్కుని కత్తి ఎత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"రాక్షసుడి పొట్ట దాకా అందుతోంది టీచర్," అంది పాపం.

బావ మొహం మాడిపోయింది. "ఇరవై ఏళ్లలో ఏ రాజకుమారీ చెయ్యెత్తలేదు మరి," అని గొణిగాడు. "పోనీ, రాక్షసుణ్ణి కూర్చుని చావమను."

"నిలబడే చస్తాడు," అన్నాను.

బావ సంచిలోంచి కత్తెర తీశాడు. "ఇప్పుడు కోస్తే గౌనే పోతుంది. నావల్ల కాదు," అని బల్ల మీద పెట్టేశాడు.

అక్క దాన్ని అందుకుంది. గౌనుకి నేల మీద ఈడ్చుకుపోయే రెండు గజాల నీలం తోక ఉంది చూశారూ, బావకి గర్వకారణం, దాన్ని కసుక్కున కోసేసింది. అందులోంచి రెండు ముక్కలు తీసి, చంకల్లో కుట్లు విప్పి అతికించింది. గంట కొట్టేలోపు పిల్ల చెయ్యెత్తితే కత్తి వెళ్లి పైకప్పుకి తగిలింది.

రాక్షసుడు బ్రహ్మాండంగా చచ్చాడు. రాజకుమారుడు మాత్రం నిజంగానే నిద్రపోయాడు. కుదిపి లేపాల్సి వచ్చింది.

అక్క మళ్లీ కాజాల్లోనే కూలబడుతుందేమోనని నాకు బెంగ. మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్లి చూద్దును కదా, కత్తెర మళ్లీ మేకుకే ఉంది. ఉసూరుమన్నాను.

అక్క లోపల్నుంచి వచ్చింది. ఒంటి మీద పాత గోధుమరంగు జాకెట్టే. అక్క బట్టలన్నీ బావ కోసినవే. కానీ దాని చంకల్లో ఇప్పుడు నీలం ముక్కలున్నాయి.

"ఉండు, తీసిస్తా," అని బావ లేవబోయాడు.

"అక్కర్లేదండీ," అని అక్క చెయ్యెత్తి మేకు మీంచి కత్తెర తీసుకుంది. ఇరవై రెండేళ్లుగా మేకు ఎత్తుగా ఉందనుకున్నాను, నా బుర్రకి బుద్ధి లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బావ కాసేపు మేకు వైపు చూశాడు. "మరి కాజాలో?"

"సూది అక్కడే ఉంది," అంది అక్క, బల్ల మీద గుడ్డ పరుస్తూ.

బావ కళ్లజోడు వెతుక్కున్నాడు.