మానుకోట దాకా పొంగిన కల్లు

డెబ్బైల నాటి వేసవి. నేను జనగామలో డిగ్రీ చదువుతున్నాను. మానుకోట నుంచి, అదే మహబూబాబాద్ నుంచి, కబురొచ్చింది. జ్వరం తగ్గినా అమ్మమ్మ ముద్ద ముట్టడం లేదట, పుట్టినూరు ఘనపూర్ తాటికల్లు ఒక్క గుక్క కావాలంటోందట. అది తాగితే బువ్వ కూడా తింటుందేమోనని ఇంటిల్లిపాదీ ఆశ. తెచ్చే పని నా మీద పడింది.

వరంగల్‌లో బస్సు మారి, ములుగు అవతలి ఘనపూర్‌కు సాయంత్రానికి చేరి, చుట్టాలింట్లో పడుకున్నాను. తెల్లవారి తాటివనానికి వెళ్లేసరికి చెట్లింకా నిద్ర లేవనట్టే ఉన్నాయి. కల్లు గీసే సత్తన్న లొట్టి కుండ దించి ఆకులో పోశాడు. తేనెలా ఉంది.

"పుల్వకుండ మానుకోట దాక పోతదా, అన్నా?"

"యాడ పోతది బిడ్డా! లొట్టి మూతి మాత్రం బిగియ్యకు, పల్గుతది."

బస్సు కదిలింది. చెరువులు, గుట్టలు మెల్లగా వెనక్కి జారిపోతున్నాయి. ఒళ్లో లొట్టి సన్నగా బుసబుసలాడుతోంది. కెమిస్ట్రీ క్లాసులో చెప్పిందంతా అందులో జరుగుతోంది. చక్కెర విరిగి పైరువిక్ ఆమ్లం అవుతుంది. ఈస్టు దాని కొసనున్న కార్బాక్సిల్ గుంపును తెంచి బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తుంది. మిగిలింది మత్తుగా మారుతుంది. బోర్డు మీద ఎంతో ముచ్చటగా ఉన్న ఈ డీకార్బాక్సిలేషన్, ఇక్కడ అమ్మమ్మ తీపిని బుడగ బుడగగా గాలిలో కలిపేస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"చెల్లె, గది పొంగుతున్నది, జర సక్కగ పట్టుకో. టికెట్లు తడిస్తే నాకు పరేషాన్," అన్నాడు కండక్టరు.

వరంగల్‌లో మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. కిటికీ గాలికి కళ్లు మూతపడుతున్నా చేయి లొట్టి మీదే ఉంది. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను.

"పులిసిపోయింది, అమ్మమ్మా," అన్నాను తలొంచుకుని.

ఆమె గుక్క తాగింది. పై పెదవి మీది నురగ నాకింది.

"పిచ్చి బిడ్డా, తియ్యటిది పోరగాండ్లు తాగుతరు. నేనడిగింది గిదే. ఇంత బువ్వ తే."

పోతున్న తీపి కోసం దారంతా బెంగపెట్టుకున్నాను. అది పోతేనే అమ్మమ్మ అడిగిన కల్లు అవుతుందని నాకు తట్టనేలేదు. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒకటే మాట: లొట్టి మూతికి తాటాకు వదులుగా పెట్టండి, కానీ ఎవరి కోసం తెస్తున్నారో వాళ్లను ముందే అడగండి, తీపా పులుపా అని.