అత్తగారు యుద్ధనౌక ఎక్కిన రోజు

మా బామ్మర్దికి నేవీలో సెలక్షన్ వచ్చిందని తెలిసిన రోజు మా అత్తగారు ఎవరికీ స్వీటు పెట్టలేదు. పెరట్లో ఒక్కరూ కూర్చుని కందిపప్పు చెరిగారు. అప్పటికే శుభ్రంగా ఉన్న పప్పుని ఆవిడ మళ్ళీ చెరుగుతున్నారంటే భయపడుతున్నారని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మామగారు పోయాక ఆ ఇంట్లో ఆవిడ సరేననకుండా గేదె కూడా గుమ్మం దాటదు. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. గేదె తర్వాతి స్థానం నాది. కాబట్టి మావాడు ట్రైనింగుకి వెళ్తాడా మానేస్తాడా అన్నది ఆవిడ నోట్లోని ఒక్క మాట మీద ఆగింది.

భయం పెట్టింది మాత్రం నా ఫోనే. ఎనిమిదిలోనే బడికి దణ్ణం పెట్టేసిన నాకు ప్రపంచజ్ఞానమంతా అందులోంచే వస్తుంది. రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు తోలే ట్రక్కు ఆటో నాది. లోడు దిగేదాకా ఖాళీ. ఆ ఖాళీలో చైనా ఓడల్నీ మన ఓడల్నీ పక్కపక్కన నిలబెట్టి, వెనకాల డప్పులు వాయిస్తూ పోల్చే వీడియోలు చూస్తుంటాను. ఓ సాయంత్రం ఆవిడకీ చూపించాను.

"అల్లుడుగారూ, వాళ్ళ ఓడలు ఏటేటా పెరిగిపోతున్నాయంట కదండీ! రేపు సముద్రంలో బలం అటు మొగ్గితే మన పిల్లోడి గతేంటండి?"

"ఏమీ కాదండత్తయ్యగారూ. మీవాడు పెరుగన్నం తిని పడుకుంటే లేపడం మీవల్లే కాదు. ఇంక చైనావాళ్ళేం లేపుతారండీ?"

"మీ హాస్యం మార్కెట్లో అమ్ముకోండి. అడిగినదానికి చెప్పండి."

చెప్పడానికి నాకు తెలిస్తే కదా! ఈలోగా మావాడే అందుకున్నాడు. "అమ్మా, నేవీ వారోత్సవాల్లో విశాఖపట్నంలో ఓడ ఎక్కనిస్తారు. ఒక్కసారి చూడు. అప్పుడూ వద్దంటే మానేస్తాను, ఒట్టు."

ముగ్గురం రాజమండ్రిలో రైలెక్కాం. అన్నవరం దగ్గర ఆవిడ కిటికీలోంచి కొండకి దణ్ణం పెట్టుకున్నారు. "స్వామీ, వీడికి మంచి బుద్ధి ఇయ్యి."

"ఎవరికండీ?" అన్నాను.

"ఇద్దరికీ."

ఓడ పక్కన నిలబడి తలెత్తాను. ఇంకా ఎత్తాను. టోపీ వెనక్కి పడిపోయింది. కొబ్బరిచెట్టు మీద కొబ్బరిచెట్టు నిలబెట్టినా దాని కొస అందదు. నాలుగు గెలలు ఎక్కువైతే నా బండి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఊరంత ఇనుము నీళ్ళ మీద, తనకేం బరువే లేనట్టు నిలబడి ఉంది. పైకెక్కాక అడుగునెక్కడో సన్నగా గుర్రుమంటున్న చప్పుడు చెప్పుల్లోంచి అరికాళ్ళకి తగిలింది. ప్రాణమున్నదాని వీపు మీద నిలబడ్డట్టు అనిపించింది.

"బావగారు మాట్లాడట్లేదు, ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నాడు మావాడు.

అత్తగారు ఇనపగోడకి అరచెయ్యి ఆనించి, ధ్వజస్తంభం దగ్గర నిలబడ్డట్టే కళ్ళు మూసుకున్నారు. తర్వాత, మాకు ఓడ చూపిస్తున్న నావికుణ్ణి అడిగారు. అతనిది విజయనగరం వైపట.

"బాబూ, నిజం చెప్పు. ఓడలు చైనావాళ్ళవెక్కువా, మనవెక్కువా?"

"వాళ్ళవే ఎక్కువమ్మా. ఇంకా కడుతున్నారు" అన్నాడతను, తడుముకోకుండా. "కానీ అవన్నీ ఇక్కడే ఉండవు కదమ్మా. ఇటు రావాలంటే ఇరుకు దారుల్లోంచి రావాలి. వచ్చాక చమురూ, తిండీ, రిపేరూ అన్నీ దూరమే. ఇది మన వాకిలి. తలలు లెక్కపెడితే వాళ్ళది పైచెయ్యి. ఈ నీళ్ళల్లో అంత తేలిక కాదు."

"ఇవాళ సరే. రేపు?"

"వాళ్ళూ దగ్గర్లో రేవులు చూసుకుంటున్నారు. మారొచ్చమ్మా. అందుకే మనమూ కడుతున్నాం."

"అంటే మా ఎదుటి గట్టోళ్ళు రాళ్ళు పోసినట్టేనా?"

అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను. గోదారిలోని మా లంక పొలానికి ఎదురుగా, నది అవతలి ఊరివాళ్ళు తమ ఒడ్డు కోసుకుపోతోందని నీళ్ళల్లోకి పొడుచుకొచ్చేలా రాళ్ళకట్ట వేయించుకున్నారు. మా మీద పగతో వేసింది కాదు. గోదారి మాత్రం తల ఇటు తిప్పింది. మా కొబ్బరిచెట్లు కాయలతో సహా నీళ్ళల్లోకి ఒరిగాయి. మావాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి మాకూ ఓ కట్ట వేయించారు. ఇప్పుడు ప్రవాహం వాళ్ళ ఒడ్డునే కాస్త దిగువన కొడుతోంది.

అతను శ్రద్ధగా విన్నాడు. "ఇంచుమించు అంతేనమ్మా."

"మరి ఎక్కడ ఆగుతుంది బాబూ ఇది?"

"అది తేల్చేది పెద్దవాళ్ళమ్మా. నాది కాపలా."

తిరుగు రైలెక్కాం. పల్లీలు కొనిస్తే అత్తగారు ఒడిలో పెట్టుకుని అలాగే ఉంచేశారు. మావాడు గోళ్ళు కొరుకుతున్నాడు. అన్నవరం కొండ మళ్ళీ కనబడ్డాక నోరు విప్పారు.

"వరదొస్తే ఏటిగట్టు కాపలాకి ఇంటికొకరు వెళ్ళాలి. మీ నాన్నని నేను ఏ యేడూ ఆపలేదురా. గట్టు నిలుస్తుందని ఎవరు మాటిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. కాసేవాడు లేకపోతే నిలవదని మాత్రం తెలుసు." ఒడిలో పల్లీలు తీసి వాడి చేతిలో పోశారు. "వెళ్ళరా అబ్బాయ్."

వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ చీరచెంగుతో ముఖం తుడుచుకుని నావైపు తిరిగారు.

"మరి వీడు వెళ్ళిపోతే మనింటి తరఫున గట్టు మీదికెవరండీ అల్లుడుగారూ?"

బోగీనిండా మగాళ్ళున్నారు. ఆవిడ చూపు మాత్రం నా దగ్గరే ఆగింది.

మొన్న వరదకి ఇసకబస్తా భుజానికెత్తుకుని గట్టెక్కాను. గోదారి ఎర్రగా, కంటికి ఆననంత వెడల్పున, దుంగల్ని పుల్లల్లా తిప్పుకుంటూ పోతోంది. మావాడు ఆ వేళ ఏ నీళ్ళ మీద ఉన్నాడో మాకు చెప్పకూడదట. అవతలి గట్టు మీద ఎవరో చీమంత మనిషి కాపలా కాస్తున్నాడు. తువ్వాలు తీసి ఊపాను. అటునుంచీ ఓ తువ్వాలు లేచింది.

అతని తువ్వాలు నాదానికంటే పెద్దది. ఈ సంగతి మా అత్తగారికి చెప్పలేదు.