ఊదారంగు టార్చి, పులివెందుల మామ

ఒక టార్చిలైటు వల్ల పులివెందుల పెద్దమనిషి ఒకాయన పరువు జమ్మలమడుగులో పోయింది. ఆ టార్చి ఎంచుకున్న మహానుభావుణ్ని నేనే. తీరిగ్గా కూర్చోండి, చెప్తా.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో మస్తాన్ ఉస్తాద్ దగ్గర కార్ల ఏసీ పని నేర్చుకుంటున్నా. రేకుల షెడ్డు. ఊరందరి కార్లకూ చల్లగాలి పెట్టే మాకు ఒక్క టేబుల్ ఫ్యానే దిక్కు, అదీ ఉస్తాద్ వైపే తిరిగేది. అయినా ఆ షెడ్డు నాకిప్పటికీ కల్లోకొస్తుంది. ఇంజనాయిలు వాసన, దానికి అడ్డంపడి పక్క హోటల్నుంచి వచ్చే ఉగ్గాని వాసన, ఉస్తాద్ కూనిరాగాలు. ఆ రాగాల్లో ఒక్కటీ శ్రుతిలో ఉండేది కాదు.

ఏసీ గ్యాసు ఎక్కడ కారుతోందో కంటికి తెలీదు. అందుకని పైపుల్లోకి ఒక రంగుమందు ఎక్కిస్తారు. గ్యాసు కారిన చోట అదీ బయటికొస్తుంది. మామూలు వెలుతురులో పెద్దగా ఆనదు గానీ, అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే మిణుగురు పురుగు మాదిరి పచ్చగా వెలుగుతుంది. ఉస్తాద్ పాత టార్చి పాడైపోయింది.

"రేయ్ గంగా, బజారుకు పోయి ఛార్జింగ్‌ది ఒగటి తీసుకురా. ముందర నల్లద్దం ఉండేదే తేవాల. ఊదా వెలుతురు ఎంత తక్కువుంటే అంత మంచిది" అన్నాడు.

వెలుతురు తక్కువుండే టార్చి మంచిదంట! ఉస్తాద్‌కు వయసైపోయిందనుకున్నా.

అంగడాయన రెండు తీసి పెట్టాడు. ఒకటి పొగచుట్టంత, నల్లద్దంతో. రెండోది సొరకాయంత, మూతి నిండా తేనెపట్టులా బల్బులు. నొక్కితే అంగడంతా ఊదారంగు.

"పనికయితే ఈ చిన్నదే తీసుకోప్పా."

"పెద్దది ఉంచుకోని చిన్నది అంటగడ్తాండావే! నేనేమన్నా పిల్లోడినా?"

"నీ ఇష్టం. పెండ్లి డెకరేషనోళ్లు శానామంది కొంటాండారు దాన్ని."

ఆ మాటకైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. సొరకాయ చంకన పెట్టుకుని వచ్చేశా.

వచ్చేసరికి ఉస్తాద్ లేడు, మైలవరంలో ఆగిపోయిన బండి చూడ్డానికి పోయాడు. షెడ్డు ముందర ఓబుల్ రెడ్డి మామ నిలబడున్నాడు. పులివెందుల మనిషి, మాకు పాత గిరాకీ. గంజిపెట్టిన తెల్లచొక్కా, బుగ్గల దాకా పాకిన మీసం. సాయంత్రం జమ్మలమడుగులో కొడుకు నిశ్చితార్థం.

"ఏసీ రాకుంటే మా ఇంటామె కారెక్కనని ఈ ఊర్లోనే చుట్టాలింట్లో కూచోనుంది. మీ ఉస్తాద్ యాడ?"

"వస్తాడులే మామా. అంతవరకూ నేనుండా గదా!"

రంగుమందు ఎక్కించా. టార్చి వేశా. ఇంజనంతా ఊదారంగు తప్ప పచ్చచుక్క కనపడలేదు. మందు చాల్లేదనుకుని ఇంకొంచెం పోశా. సగం పైపులోకి, సగం నా చేతుల మీదికి. మోచేతుల దాకా కారింది. అయినా ఏమీ లేదు.

"ఎండ ఎక్కువుంది మామా" అని ఇంజను మీద పాత దుప్పటి కప్పి కిందికి దూరా.

"ఏమన్నా అగపడిందా?"

"నువ్వు గూడా రా మామా. టార్చి పట్టుకుందువు."

పాపం, మామ తల దూర్చాడు. నేను అందించేలోపే టార్చి జారి కిందెక్కడో పడి ఆరిపోయింది. చీకట్లో పైపు కోసం తడుముతుంటే చేతికి మెత్తగా ఏదో దొరికింది. గట్టిగా పట్టుకున్నా.

"ఈ పైపుకు వెంట్రుకలేంది మామా?"

"అది నా దవడరా, నాయనా!"

అంతలో ఉస్తాద్ వచ్చాడు. నా సొరకాయను చూసి, "ఇంత ఊదాలో పచ్చచుక్క మునిగిపోతాది గదరా" అని తల కొట్టుకుని, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోసి, నురగొచ్చిన చోట పట్టుకుని బాగుచేశాడు. మామ తువ్వాలతో మొహం తుడుచుకుని, చల్లగాలి తగిలించుకుంటూ వెళ్లిపోయాడు. మొహాన మచ్చలేదు. కథ సుఖాంతమనుకున్నా.

మర్నాడు పొద్దున్నే మామ కారు షెడ్డు ముందర ఆగింది.

"రేయ్, నా మొగానికి ఏం పూసినావురా?"

"ఏమైంది మామా?"

"స్టేజీ మీద ఊదా లైట్లు పెట్టినారు. పిల్లోళ్లకు అచ్చింతలేద్దామని ఎక్కినా. హాలంతా నన్నే చూస్తాండారు. నా దవడ మీద ఐదు వేళ్లు పచ్చగా మెరుస్తాండాయంట! మా వియ్యంకుడు పక్కకు పిల్చి, 'బావా, ఎవుడు కొట్టినాడో చెప్పు, ఇప్పుడే మనుషుల్ని పంపిస్తా' అంటాడు!"

ఉస్తాద్ నా చేతుల వంక చూశాడు. నేను వాటిని వెనక దాచుకున్నా.

"తప్పయింది మామా. మెకానిక్ చెయ్యి తగిలిందని చెప్పేయకపోతివా?"

"మెకానిక్ పిల్లోని చేత దెబ్బ తినొచ్చినాననుకుంటే పులివెందుల్లో తలెత్తుకోని తిరగాల్నా? అందుకే మా ఇంటామె కొట్టిందని చెప్పినా. అందరూ నమ్మినార్రా! ఒగరన్నా ఎందుకని అడగల్యా. అదీ నా బాధ."

ఉస్తాద్ నవ్వీ నవ్వీ టైరు మీద కూలబడ్డాడు. ఆపుకుంటూ ఆపుకుంటూ చివరికి మామ కూడా మొదలుపెట్టాడు. ఆ ఇద్దరూ భుజాలు పట్టుకుని నవ్విన నవ్వుకు పక్క హోటలోళ్లు గరిటెలతో సహా బయటికొచ్చారు. ఇప్పుడు ఉస్తాద్ కీళ్లనొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నాడు. షెడ్డు నా చేతికొచ్చింది. ఫ్యాను నా వైపే తిరుగుతోంది గానీ, అంత నవ్వు మళ్లీ ఆ రేకుల కింద వినలేదు.

ఆరోజే, ఉస్తాద్ పానా మీద చెయ్యేసి ఘోరప్రతిజ్ఞ చేశా. ఈ కంఠంలో ప్రాణముండగా, శుభకార్యానికి పోయే మనిషిని దుప్పటి కిందికి పిలవను గాక పిలవను.