చూడని మూల

నా చిన్నప్పుడు శనివారమంటే నాకు హడలు. ఆ రోజు బడి ఒంటిపూటే అయినా, మధ్యాహ్నం ఇంటి దూలాలు చూసే పని నా మీద పడేది.

డెబ్బైల నాటి మాట. కొత్తపేట దగ్గర మా పేటలో మొట్టమొదటి పెంకుటిల్లు మాదే. కట్టించింది మా తాతయ్య, రిటైరైన పంతులుగారు. ఇల్లు కట్టడం ఏడాది పని, నిలబెట్టుకోవడం బతికినన్నాళ్ళ పని అనేవారు. ఏటా తొలకరికి ముందే పగిలిన పెంకులు మార్పించి, దూలాలకు జీడిపిక్కల నూనె పూయించేవారు. వారం వారం చెదలు పట్టాయేమో చూడడం మాత్రం నాకు అప్పగించారు. నిచ్చెనెక్కి కర్రముక్కతో దూలాన్ని కొట్టి చెవి పెట్టి వినాలి. మంచి కర్ర ఖణేల్మంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది.

వసారాలో పెద్ద దూలం కొస ఒకటి పడమటి గోడలోకి దిగి ఉండేది. దాని కింద కొబ్బరికాయల రాశి. ఒకసారి ఆ కాయల్లో తేలు కనబడింది. అప్పటినుంచీ మిగతావన్నీ చూసి ఆ మూల వదిలేసేదాన్ని. సాయంత్రం తాతయ్య "అన్నీ చూశావామ్మా?" అంటే, "ఆయ్, చూశానండీ" అనేదాన్ని. ముసురు పట్టేవేళకి నాలుగైదు వారాలు అలాగే నెట్టుకొచ్చాను.

ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. చాపలు పరుస్తుంటే మూల చాప మీద పిండిలాంటి పొడి కనబడింది. దులిపేశాను. కాసేపటికి మళ్ళీ రాలింది. తలెత్తి చూద్దును కదా, గోడలోంచి దూలం మీదికి వేలెడు లావున చెదల మట్టి గీత పాకి ఉంది. చెబితే ఇన్నాళ్ళ అబద్ధమూ బయటపడుతుంది. తాతయ్య కొట్టేవారు కాదు, మాట్లాడడం మానేసేవారు. నాకు దెబ్బలే నయమనిపించేది. ఏమీ ఎరగనట్టు చాప అవతలికి లాగి ఊరుకున్నాను.

జనం వచ్చారు. పక్కింటి అక్క చంటిపిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని సరిగ్గా ఆ దూలం కిందే కూర్చుంది.

"అక్కా, ఇటొచ్చి కూర్చోండి."

"ఇక్కడ గాలి తగులుతుందిలేమ్మా."

ఇంతలో వాన అందుకుంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా వసారాలోకి ఒదిగారు. తడిసిన పెంకులు బరువెక్కుతాయని తాతయ్యే చెప్పేవారు. అందరూ పాట పాడుతున్నారు. నాకు మాత్రం పైన కిర్రుమన్న చప్పుడొకటే వినబడింది. నిజంగా వచ్చిందో, నా భయమో! తాతయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఓ పట్టాన అయ్యేది కాదు. పక్కింటి అక్క కొంగు మీద మళ్ళీ పొడి రాలింది. ఆవిడ దులుపుకుని పిల్లాడి మొహాన కొంగు కప్పింది. నేను లేచి నిలబడ్డాను.

"తాతయ్యా, నేను చూడలేదండీ! ఆ మూల నేనసలు చూడనే లేదండీ!"

ప్రార్థన ఆగిపోయింది. తాతయ్య నా వేలు చూపించిన వైపు చూశారు. "అందరూ మెల్లిగా లేవండి. పిల్లలున్నవాళ్ళు ముందు. వానైనా పర్లేదు, వాకిట్లోకి నడవండి" అన్నారు.

అందరూ వానలో నిలబడి ఉంటే, మా బాబాయీ తాతయ్యా వెదురు బొంగులు తెచ్చి దూలం కింద దన్నుగా నిలబెట్టారు. దూలం పడలేదు. తడిసి ముద్దయిన ఒకాయన, "ఏం పడిపోయిందండీ ఇప్పుడు? చిన్నపిల్ల మాటకి అందర్నీ తడిపేసేరు" అని విసుక్కున్నారు. తెల్లవార్లూ ఆ మాటే నన్ను తినేసింది.

మర్నాడు వడ్రంగి మావయ్యగారు దూలం కొసకి ఉలి ఆనించి, సుత్తి అందుకోకుండానే చేత్తో నొక్కారు. పిడి దాకా దిగిపోయింది. "ఇంకో గట్టి వాన పడితే ఆగేది కాదండీ" అన్నారు.

తాతయ్య అరుగు మీద కూలబడ్డారు. నన్ను పిలిచి, ఎందుకు అబద్ధమాడావని అడిగారు. తేలు సంగతి చెప్పాను. "చూడలేదంటే మీరు మాట్లాడడం మానేస్తారని భయమేసిందండీ" అన్నాను. "బడిలో ఎంతమంది పిల్లలు నాకు ఇలాగే భయపడి అబద్ధాలు చెప్పారో" అని తాతయ్య తనలో తాననుకున్నారు.

కొత్త దూలం కొసని గోడలో కప్పెట్టించలేదు. రాతి దిమ్మ మీద, చుట్టూ గాలాడేలా, కింద నిలబడితే కనబడేలా కూర్చోబెట్టించారు. కొబ్బరికాయలు పెరటి పాకలోకి మార్పించారు. తర్వాతి శనివారం నన్ను అడిగిన ప్రశ్న కూడా మారింది.

"ఈ వారం ఎక్కడ చూడలేదమ్మా?"

"వంటింటి వెనక చూడలేదండీ" అన్నాను.

"పద, ఇద్దరం చూద్దాం" అంటూ నిచ్చెన ఆయనే మోసుకొచ్చారు.

నర్సుగా పనిచేసినన్నాళ్ళూ, డ్యూటీ మారేటప్పుడు నా కింద పనిచేసే నర్సు పిల్లల్ని ఆ ప్రశ్నే అడిగాను. ఇప్పుడు అమలాపురంలో మాది డాబా ఇల్లు. ఏటా వానలకు ముందు శ్లాబు పగుళ్ళు చూడడానికి మేస్త్రీగారొస్తారు. ఆయన వచ్చిన మొదటి ఏడాది, పైనంతా చూసి మెట్లు దిగి రాగానే, "ఎక్కడ చూడలేదండీ?" అన్నాను. ఆయన తెల్లబోయారు. "ట్యాంకు కింద చూడలేదండీ" అన్నారు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను. ఆయన తాగాక ఇద్దరం మళ్ళీ మెట్లెక్కాం.