లెయోకాదియా గారి ఈల

లెయోకాదియా గారు ఈల ఊదారంటే ఎవడో ఒకడు నేల మీద పడి చావుబతుకుల్లో ఉన్నట్టు నటించాల్సిందే. అంబులెన్సు నర్సుగా రిటైరైన ఆ మహాతల్లికి మా ఊరి తుపాకీ సంఘం వాళ్లు ప్రథమ చికిత్స బాధ్యత అప్పగించారు. ఇక చూడండి.

"కాల్పులు ఆపండి! తూటాలు తీసెయ్యండి! ఎర్రజెండా ఎత్తండి! తెయోఫిల్ చేతికి గుండు తగిలింది!"

అందరూ తుపాకులు బల్ల మీద పెట్టి పరుగెత్తేవాళ్లు. తెయోఫిల్ మాత్రం "ఏ చెయ్యమ్మా?" అని అడిగేవాడు. ఈలోగా ఆవిడ సీసా తెరిచి అతని చొక్కా మీద బీట్‌రూట్ చారు గుమ్మరించేవారు. రక్తం కనబడకపోతే ఈ మగాళ్లెవరికీ కంగారు పుట్టదని ఆవిడ నమ్మకం. ఆవిడ పుణ్యమా అని సంఘంలో ఎవరికీ మంచి చొక్కా మిగల్లేదు.

ఒకడు గాయాన్ని గట్టిగా అదిమిపట్టాలి. ఒకడు ఫోను చేసినట్టు నటించి, అంబులెన్సుకి దారి చూపడానికి గేటు దగ్గరికి ఉరకాలి. ఒకడు దుప్పటి కప్పాలి, ఇంకొకడు పక్కనే కూర్చుని పేరడిగి కబుర్లు చెప్పాలి.

"గాయపడ్డవాణ్ణి ఒంటరిగా వదిలారో, మీ కాళ్లు విరగ్గొట్టి వాటికే కట్లు కట్టిస్తాను!"

"అమ్మా, కాస్త టీ..." అనేవాడు తెయోఫిల్.

"గాయంతో ఉన్నవాడికి గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదు. ముందు బతుకు, తర్వాత తాగుదువుగాని."

రొట్టెల బట్టీ బోనిఫాత్సీకి ఆ ఈలంటే హడల్. ఏటా వేసవిలో కొయ్యకోడి పోటీ జరుగుతుంది. గుంజ మీంచి కోడిని పడగొట్టినవాడే ఆ ఏడాదికి రాజు, వెండికోడి గొలుసు వాడి మెడలోనే. ఆ గొలుసు బోనిఫాత్సీ తాత వేసుకున్నాడు, నాన్న వేసుకున్నాడు. తన వంతు వచ్చే ముందు మాత్రం ఎప్పుడూ ఈలే! ఇక గురి తప్పక ఏమవుతుంది?

ఈసారి ముందే వెళ్లి చేతులు జోడించాడు. "అమ్మా, మీకు పుణ్యముంటుంది, పోటీలో ఊదకండి. అసలు మీకు జాలనేదే లేదా? పాపం తెయోఫిల్ పెళ్లాం పోయి ఏడాదైనా కాలేదు, వారం వారం వాణ్ణి చంపుతున్నారు. పెళ్లి తప్పిపోయిన ఆ దర్జీ కుర్రాడికేమో నెలంతా కాలు విరగ్గొట్టారు!"

"నువ్వు కాల్చేదాకా ఊదన్లే నాయనా," అన్నారావిడ, కట్టుగుడ్డలు చుట్టుకుంటూ.

పోటీ రోజు బోనిఫాత్సీ కొత్త తెల్లచొక్కా తొడిగాడు. అన్న మాట ప్రకారం ఈల మోగలేదు. ఊపిరి బిగబట్టి కాల్చాడు. కోడి రెక్కలోంచి ఒక పేడు ఊడింది గానీ కోడి పడలేదు. తర్వాత మందుల షాపు లాంబెర్ట్ అలా కాల్చాడో లేదో, కోడి ఇలా రాలిపోయింది. జనమంతా కేరింతలు కొడుతూ కొత్త రాజు చుట్టూ మూగారు.

బోనిఫాత్సీ గోడవైపు తిరిగి, శుభ్రంగా ఉన్న తుపాకీనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. ఇక నెపం వెయ్యడానికి ఈల కూడా లేదు. ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఈల మోగింది.

"బోనిఫాత్సీకి దెబ్బ తగిలింది!"

రాజుని గొలుసుతో సహా అక్కడే వదిలేసి అందరూ పరుగెత్తుకొచ్చారు. దుప్పటితో అందరికంటే ముందు చేరింది తెయోఫిలే.

"కొత్త చొక్కా అమ్మా! చారు పొయ్యకండి!"

"పొయ్యను. ఇది లోపలి దెబ్బ, రక్తం కనబడదు. నోర్మూసుకుని పడుకో."

పడుకున్నాడు. తెయోఫిల్ దుప్పటి కప్పి చెయ్యి పట్టుకున్నాడు. "నీ పేరేంటి?"

"రోజూ నా దగ్గరే రొట్టె కొంటావు, నా పేరు తెలీదట్రా?"

"అడగాలిగా! రూలు."

తెయోఫిల్ చెయ్యి, దర్జీవాడి కాలు ఒక్కసారే గుర్తొచ్చాయి బోనిఫాత్సీకి. ఓరి నాయనో, ఇదా సంగతి! తల తిప్పి చూస్తే ఆవిడ అటు తిరిగి టీ ఫ్లాస్కు మూత విప్పుతున్నారు.

"పేరు చెప్తావా లేదా?" అన్నాడు తెయోఫిల్.

"చెప్తాలే. తొందరేముంది," అంటూ బోనిఫాత్సీ దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు. "ఇప్పుడప్పుడే బతికేలా లేను."